కోడ్ రాసి ఇచ్చాం, మరి అది ఎవరిది? ఫ్రీలాన్సర్లు పనికి ముందే రాసుకోవాల్సిన రెండు పేజీలు

2019 సంక్రాంతికి ముందు మండపేట దగ్గర ఒక రైస్ మిల్లుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చాను. లారీ కాటా ఎక్కగానే బరువు కంప్యూటర్‌లోకి రావాలి. తేమ శాతం కొట్టగానే తరుగు లెక్క తేలాలి. రైతు చేతికి తెలుగులో చీటీ ప్రింట్ అవ్వాలి. నాలుగు నెలల పని, మాట్లాడుకున్నది 1,80,000 రూపాయలు. కాగితం ఏమీ రాసుకోలేదు. "మీరు చేసి పెట్టండమ్మా, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అన్నారు మిల్లు యజమాని. అన్నట్టే పైసాతో సహా ఇచ్చారు.

రెండేళ్ల తర్వాత తాడేపల్లిగూడెం వైపు ఇంకో మిల్లుకు అలాంటిదే చేశాను. నెల తిరక్కుండానే మొదటి మిల్లు తరఫు లాయరు నుంచి నోటీసు వచ్చింది. తమ డబ్బుతో తయారైన సాఫ్ట్‌వేర్‌ను నేను దొంగతనంగా వేరేవాళ్లకు అమ్మానట. 15 రోజుల్లో దాన్ని రెండో మిల్లులోంచి తీసేయాలట, పది లక్షలు నష్టపరిహారం కట్టాలట. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నేను రాసిన కోడ్ నాదా, డబ్బిచ్చినాయనదా అన్న ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు.

ఆ జవాబు ఇప్పుడు తెలుసు. రాజమండ్రిలోనో వరంగల్‌లోనో తిరుపతిలోనో ఇంట్లో కూర్చుని క్లయింట్లకు కోడ్ రాసి ఇచ్చే పిల్లలు నాలాగా నోటీసు వచ్చాక నేర్చుకోకూడదని ఇదంతా రాస్తున్నాను. నేను లాయరును కాదు. కింద చెప్పినవి మీ కాగితంలో రాసుకుని, సంతకం పెట్టే ముందు ఒక లాయరుకు చూపించండి. రెండు పేజీలు చదివించడానికి అయ్యే ఫీజు నోటీసుకు జవాబు రాయించే ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ.

ముందు చట్టం ఎవరి పక్కన ఉందో తెలుసుకోండి

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా కథ, కవిత లాగానే సాహిత్య రచన. 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి హక్కుదారు దాన్ని రాసిన మనిషే. ఉద్యోగంలో భాగంగా రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు కంపెనీది.

చాలామంది తికమక పడేది డబ్బు దగ్గర. పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ను పెట్టుకుని డబ్బిస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ ఫోటోల కాపీరైట్ డబ్బిచ్చినవాళ్లదే. 17వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. డబ్బిచ్చి చేయించుకుంటే చేయించుకున్నవాళ్లకే చెందేవి అని అక్కడ ఒక జాబితా ఉంది. ఫోటో, పెయింటింగ్, బొమ్మ, సినిమా లాంటివి అందులో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ లేదు. అంటే బయటి మనిషి చేత కోడ్ రాయించుకుని పూర్తిగా డబ్బు కట్టేసినా, రాతపూర్వకంగా రాయించుకోకపోతే కాపీరైట్ ఆ రాసిన మనిషి దగ్గరే ఉంటుంది.

మా లాయరు గారు నోటీసు చదివి అడిగిన మొదటి మాట, "నువ్వు వాళ్ల దగ్గర ఉద్యోగమా అమ్మా, పనా?" అని. జీతం, పీఎఫ్, హాజరు ఏమీ లేవు. నా ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి. మిల్లు వాళ్లు ఆదాయపు పన్ను చట్టంలో బయటివాళ్ల వృత్తి ఫీజులకు వర్తించే 194జె సెక్షన్ కింద టీడీఎస్ కోసినట్టు నా 26ఏఎస్‌లో (మన పేరున జమైన పన్నుల పట్టికలో) ఉంది. ఉద్యోగికి కోసే టీడీఎస్ అయితే అప్పటి చట్టంలో 192వ సెక్షన్ కింద పడేది. నేను బయటి మనిషినని వాళ్ల అకౌంటెంటే ఏనాడో రాసి పెట్టాడన్నమాట. అందుకే చెబుతున్నాను, ప్రతి పనికీ ఇన్‌వాయిస్ వేయండి. పదివేల పనైనా సరే, ఫోన్‌పేలో డబ్బు పడిందని ఊరుకోవద్దు.

ఇంకో మాట కూడా అడిగారు: "రెండో మిల్లుకు ఇచ్చిన దాంట్లో మొదటి మిల్లు సొంత విషయం ఏమైనా ఉందా?" ఇది మీరూ నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న. కాపీరైట్ రాసిన తీరుకు వర్తిస్తుంది, ఆలోచనకు కాదు. సివిల్ సప్లయిస్ ధాన్యం ఆడిస్తే క్వింటాకు రా రైస్ 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ఇవ్వాలి. ఆ లెక్క ప్రభుత్వం పెట్టింది. తేమకు తరుగు తీయడం కాటా దగ్గర నిలబడే ప్రతి గుమస్తాకూ తెలుసు. అవి ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ మిల్లు ఏ రైతుకు ఎంత అడ్వాన్స్ ఇస్తుందో, ఏ బ్రోకరుకు బస్తాకు ఎంత కమిషన్ ఇస్తుందో, ఆ డేటా వాళ్లది. దాన్ని తెలిసో తెలియకో రెండో చోటికి మోసుకెళ్తే తప్పు నాదే అయ్యేది. నేను ఖాళీ డేటాబేస్‌తోనే ఇచ్చాను. అయినా ఆ రోజు ఇంటికెళ్లి టేబుళ్లన్నీ మళ్లీ తెరిచి చూసుకున్నాను.

లైసెన్స్ ఇస్తున్నారా, హక్కే ఇచ్చేస్తున్నారా?

మీ కాగితంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇదే. లైసెన్స్ అంటే కౌలు. అసైన్‌మెంట్ అంటే పొలం రాసిచ్చేయడం. ఒకే చేను ఇద్దరికి కౌలుకివ్వలేం, కోడ్‌ను మాత్రం వందమందికి ఇవ్వగలం. అందుకే మన బతుకు లైసెన్స్ మీద ఉండాలని నా గట్టి అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ కాపీ చేతికి రావడం వేరు, కాపీరైట్ రావడం వేరు అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలిన విషయం. అందులో ఒక కేసు మన రాష్ట్రానిదే. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను వేయొచ్చా లేదా అని టాటా కన్సల్టెన్సీకి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన వ్యాజ్యంలో, డిస్కు మీద పెట్టి అమ్మే అలాంటి సాఫ్ట్‌వేర్ సరుకే అని 2004లో తీర్పు వచ్చింది. అంటే కొన్నవాడి చేతికి వచ్చేది ఒక కాపీ. తర్వాత 2021 మార్చిలో ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో అదే కోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: వాడుకోవడానికి లైసెన్స్ ఇచ్చినంత మాత్రాన కాపీరైట్ ఇచ్చినట్టు కాదని. రెండూ పన్ను కేసులే, కానీ మన గొడవకు పునాది అక్కడే ఉంది.

క్లయింట్లు "మొత్తం హక్కులు మాకే కావాలి" అంటారు. గట్టిగా అంటారు. అలా అన్నప్పుడు వాదించకుండా, ఎందుకని నెమ్మదిగా అడగండి. నేను అడిగిన ప్రతిసారీ బయటపడింది మూడే భయాలు: నువ్వు ఊరొదిలి వెళ్లిపోతే రిపేరు ఎవరు చేస్తారు, పక్క మిల్లు వాడికి మా లెక్కలు తెలిసిపోతాయా, రేపు ఎక్కువ డబ్బు అడుగుతావా. ఈ మూడింటికీ అసైన్‌మెంట్ అక్కర్లేదు. ఇప్పుడు నా ఒప్పందంలో ఉండే వాక్యాలు ఇస్తున్నాను, మీ పనికి తగ్గట్టు మార్చుకుని వాడుకోండి.

"ఈ సాఫ్ట్‌వేర్ కాపీరైట్ తయారుచేసినవారిదే. పూర్తి సొమ్ము చెల్లించిన రోజు నుంచి, క్లయింటుకు తన సొంత వ్యాపారంలో దీన్ని వాడుకునే లైసెన్స్ ఉంటుంది. ఇదే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవారు ఇతరులకూ లైసెన్స్‌కు ఇవ్వవచ్చు, క్లయింటు మాత్రం తన లైసెన్స్‌ను ఇతరులకు బదిలీ చేయడానికి వీల్లేదు. కాలపరిమితి 10 ఏళ్లు. ప్రాంతం భారతదేశం."

"క్లయింటు నమోదు చేసిన డేటా మొత్తం క్లయింటుదే. తయారుచేసినవారు దాన్ని ఎవరికీ ఇవ్వరు, వేరే పనికి వాడరు."

"తయారుచేసినవారు 30 రోజులకు మించి అందుబాటులో లేకపోతే, ఈ సాఫ్ట్‌వేర్‌ను సొంత వాడకం కోసం మరొకరి చేత మరమ్మతు చేయించుకునే హక్కు క్లయింటుకు ఉంటుంది. ఇందుకోసం సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్) కాపీ ఒకటి సీలు వేసి క్లయింటు దగ్గర ఉంచబడుతుంది."

ఆ మూడో వాక్యం చాలా గొడవల్ని పుట్టకముందే ఆపుతుంది. సీల్ చేసిన కవర్లో పెన్‌డ్రైవ్ పెట్టి, కవరు మీద ఇద్దరం సంతకం చేసి ఇస్తాను. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని చింపలేదు.

కాలపరిమితి, ప్రాంతం తప్పకుండా రాయండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం అసైన్‌మెంట్‌లో ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు, ఎక్కడో రాయకపోతే భారతదేశమే అనుకుంటారు. 30ఏ సెక్షన్ ద్వారా లైసెన్స్‌లకూ ఆ నియమాలే వర్తిస్తాయి. "జీవితాంతం వాడుకోండి సార్" అని నోటితో అన్నమాట కాగితం మీద లేకపోతే ఐదో ఏడాది తర్వాత ఇద్దరికీ తలనొప్పి. అసైన్‌మెంట్ అయితే మన సంతకంతో రాతలో ఉండాలి, ఏ హక్కులు ఇస్తున్నామో, ఎంతకు ఇస్తున్నామో అందులో ఉండాలి. వాట్సాప్‌లో "ఓకే సార్" అంటే హక్కు పోయినట్టేనా అని చాలామంది కంగారు పడతారు. నా నోటీసులో కూడా ఆ స్క్రీన్‌షాట్ పెట్టారు. "మొత్తం మాదే కదమ్మా" అని ఆయన, "ఓకే అండి" అని నేను. అది నాలుగు గీతల సంతకానికి సమానం కాదని మా లాయరు గారు చెప్పేదాకా టెన్షన్ తగ్గలేదు. అయినా అలాంటి మాటకు ఓకే అనకండి. "వివరాలు అగ్రిమెంట్‌లో రాద్దాం సార్" అనండి.

నిజంగానే మొత్తం హక్కు కావాలంటే ఇవ్వొచ్చు, తప్పేం లేదు. కాకపోతే ధర వేరు. ఆ కోడ్‌తో రేపు ఇంకో పది మిల్లులకు చేసే అవకాశం వదులుకుంటున్నాం కదా. నేను మూడు రెట్లు చెబుతాను. అప్పుడు కూడా, ఈ పనికి ముందే నా దగ్గర ఉన్న కోడ్‌ను, అంటే కాటా నుంచి బరువు చదివే ముక్క, తెలుగు ప్రింటింగ్ ముక్క లాంటివాటిని, పేర్లతో సహా అసైన్‌మెంట్‌లోంచి మినహాయిస్తాను. డల్లాస్‌లో ఉన్న మనవాళ్ల కంపెనీలకు పని చేసేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడి ఒప్పందాల్లో "వర్క్ మేడ్ ఫర్ హైర్" (చేయించుకున్న పని మొదటి నుంచీ చేయించుకున్నవాళ్లదే) అని ఒక పేరా, ఒకవేళ అది చెల్లకపోతే హక్కులన్నీ అసైన్ చేస్తున్నట్టు దాని కిందే ఇంకో పేరా ఉంటాయి. మీ పాత కోడ్‌ను విడిగా రాయకపోతే అది కూడా వాళ్లదేనని రేపు వాదన వస్తుంది.

మీది కానిదాన్ని మీరు ఇవ్వలేరు

మనం రాసే ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఇతరులు రాసినవి ఎన్నో ఉంటాయి. ఒప్పందానికి ముందు వాటన్నిటి జాబితా రాసి, పక్కన లైసెన్స్ పేరు రాయండి. ఎంఐటీ, అపాచీ 2.0 లాంటి ఉచిత లైసెన్స్‌లు అయితే వాళ్ల కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం తీసేయకుండా ఉంచితే దాదాపు సరిపోతుంది. జీపీఎల్ అనే లైసెన్స్ ఉన్నదాన్ని మీ కోడ్‌తో కలిపి క్లయింటుకు ఇస్తే, మొత్తానికి సోర్స్ కోడ్ కూడా అదే షరతులతో ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు పైన రాసుకున్న "బదిలీకి వీల్లేదు" అన్న మాట నిలబడదు. ఏజీపీఎల్ అయితే ఇంకో అడుగు ముందుకు: మార్చిన ప్రోగ్రామ్‌ను సర్వర్‌లో పెట్టి నెట్ ద్వారా వాడనిచ్చినా సోర్స్ అడిగే హక్కు వాడేవాళ్లకు ఉంటుంది.

ఉచితంగా దొరికినదానికి కేసులేం ఉంటాయి అనుకోవద్దు. అమెరికాలో బొమ్మ రైళ్లు నడిపే సరదా ఉన్నవాళ్లు జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. దాంట్లోని ఫైళ్లను ఒక కంపెనీ, రాసినవాళ్ల పేర్లు తీసేసి తన సరుకులో పెట్టుకుంది. జేకబ్‌సెన్, కాట్జర్ మధ్య నడిచిన ఆ కేసులో 2008లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, ఉచిత లైసెన్స్ షరతుల్ని మీరడం కాపీరైట్ ఉల్లంఘనే కావచ్చని తేల్చింది. డబ్బు తీసుకోకుండా రాసినవాళ్ల కష్టానికి కూడా విలువ ఉందని ఒక కోర్టు చెప్పిన ఆ సంగతి చదివినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది.

తెలుగు ఫాంట్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో చాలామంది పడే గుంట ఇదే. డీటీపీ సెంటరు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ఫాంటు ఎవరో డబ్బు పెట్టి కొన్నది, ఆ లైసెన్స్ వాళ్ల కంప్యూటర్‌కే. దాన్ని మీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి పది షాపులకు ఇస్తే పది చోట్ల తప్పు చేసినట్టు. అవసరం కూడా లేదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు, చీటీల మీద ప్రింట్ చేసుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు, లైసెన్స్ ఫైలు పక్కన ఉంచాలి. నేను మండలి వాడతాను. చిన్న సైజులో కూడా ఒత్తులు అలుక్కుపోకుండా ఉంటాయి, రైతులు కళ్లజోడు లేకుండా చదవగలుగుతున్నారు.

డబ్బు ఇవ్వకపోతే తాళం వేయొద్దు

నాకు తెలిసిన ఒక కుర్రాడు బాకీ రాలేదని, ఒక తేదీ తర్వాత పనిచేయకుండా ఆగిపోయేలా ప్రోగ్రామ్‌లో రహస్యంగా తాళం పెట్టాడు. సరిగ్గా దాళ్వా (రబీ వరి) కోతల్లో అది ఆగిపోయింది. బయట లారీలు, లోపల గొడవ, చివరికి పోలీస్ స్టేషన్. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద, అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్ పనిని అడ్డుకుంటే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. రావాల్సిన డబ్బు వాడిది, ముద్దాయి కూడా వాడే అయ్యాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దాని బదులు డబ్బును వాయిదాలుగా తీసుకోండి: మొదలుపెట్టే ముందు 40 శాతం, చూపించినప్పుడు 40, అప్పగించే రోజు 20. లైసెన్స్ పూర్తి చెల్లింపు తర్వాతే మొదలవుతుందని రాసుకున్నాం కదా, బాకీ పెట్టి వాడుకుంటే ఉల్లంఘన వాళ్ల వైపు ఉంటుంది. ట్రయల్ గడువు పెట్టాలంటే ఒప్పందంలో బహిరంగంగా రాసి, తెర మీద కూడా తేదీ కనిపించేలా పెట్టండి.

నోటీసు వస్తే

ఫోన్ చేసి అరవద్దు, బతిమాలొద్దు కూడా. అన్నింటికంటే ముఖ్యంగా ఏదీ డిలీట్ చేయొద్దు. గిట్ చరిత్ర (కోడ్‌లో ఎప్పుడు ఏం మార్చామో ఉండే రికార్డు), ఈమెయిళ్లు, వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచండి. పాత ఫోను అమ్మేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెల వరుస, కూడా రాయాలి. అందుకే ఇప్పుడు అప్పగించే రోజునే జిప్ ఫైలు ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ విలువను క్లయింటుకు మెయిల్ చేస్తాను. అర నిమిషం పని.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. కానీ పదేపదే అమ్మే సాఫ్ట్‌వేర్‌కు చేయించుకోవడం మంచిది, కాపీరైట్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం ఆ రిజిస్టరు ప్రాథమిక సాక్ష్యం. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. సోర్స్ కోడ్ మొదటి 10, చివరి 10 పేజీలు ఇవ్వాలి. 2021 నుంచి వాటిలో ఏ వరుసా నల్లరంగుతో కప్పేయకూడదు, కాబట్టి పాస్‌వర్డులు, కీలు కోడ్‌లో ఉంటే ముందే తీసేయండి. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు.

ఇచ్చిన గడువులోగా లాయరు ద్వారా జవాబు ఇవ్వండి. ఆధారం లేకుండా ఉల్లంఘన అని బెదిరిస్తే, ఆ బెదిరింపు మీదే కోర్టుకు వెళ్లే హక్కు 60వ సెక్షన్ మనకు ఇస్తుంది. మా జవాబులో ఆ సెక్షన్ చూశాకే అవతలి స్వరం మారింది. మనమే కేసు వేయాలంటే, మన ఊరి పరిధిలోని కోర్టులోనే వేసే వెసులుబాటు 62వ సెక్షన్‌లో ఉంది. విలువ మూడు లక్షలు దాటితే కమర్షియల్ కోర్టు కిందికి వస్తుంది, అత్యవసరంగా స్టే కావాల్సిన పని కాకపోతే దావాకు ముందే మీడియేషన్‌కు వెళ్లడం తప్పనిసరి.

మా గొడవ అంతదూరం వెళ్లలేదు. లాయరు గారి ఆఫీసులో మూడు గంటలు కూర్చున్నాం. మొదటి మిల్లు యజమాని అసలు కోపం కాపీరైట్ మీద కాదు, తన బ్రోకర్ల వివరాలు పక్క మిల్లుకు చేరాయేమోనన్న అనుమానం మీద. రెండో మిల్లు అనుమతి ముందే తీసుకున్నాను కాబట్టి, లాప్‌టాప్ తెరిచి ఆ ఖాళీ డేటాబేస్ ఎలా మొదలైందో చూపించాను. చాలాసేపు చూసి, "ఇది ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా" అన్నారు. అదే రోజు రెండు పేజీలు రాసుకుని సంతకాలు చేశాం. పైన ఇచ్చిన మూడు వాక్యాలు ఆ పేజీల్లోవే. ఆ లైసెన్స్ 2031 దాకా ఉంది. ఆ తేదీకి ఆరు నెలల ముందు గుర్తు చేసేలా ఆయన ఫోన్‌లోనూ నా ఫోన్‌లోనూ అప్పుడే రిమైండర్ పెట్టుకున్నాం. మీరు కూడా సంతకం అయిన వెంటనే ఆ పని చేయండి, ఒక జిరాక్స్ కాపీ ఇన్‌వాయిస్ ఫైల్లో పెట్టండి.